పొయ్యి గుర్తు ఐసు తాతయ్య

పార్లమెంటుకి పోటీ చేస్తున్నానని మా తాతయ్య చెప్పిన రోజు ఇంట్లో అందరికంటే ముందు నవ్వింది నేనే. నా వెనకే నాన్న నవ్వాడు. మా ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ చూసుకునే మనిషిని మేమంతా అమ్మోనియా మామయ్య అంటాం. ఆయన చేతిలో రెంచి పక్కన పెట్టి, "ఏ పార్లమెంటు పెద్దాయనా? అసలుదేనా?" అని అడిగాడు.

"నకిలీది ఎక్కడుందో చెప్పు. ముందు దానికి నిలబడి, చెయ్యి తిరిగాక దీనికొస్తాను," అన్నాడు తాతయ్య.

నానమ్మ నవ్వలేదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నావైపు చూసి, "ఆ తడి చెప్పులతో వంటింట్లోకి రావొద్దని మీ తాతతో చెప్పు," అంది.

తాతయ్య ఆమెకి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాడు. అయినా నేను ఆయనవైపు తిరిగి, "తడి చెప్పులతో వంటింట్లోకి రావొద్దట," అన్నాను.

"సరేనని చెప్పు."

"సరేనట, నానమ్మా."

మా ఇంట్లో సంసారం అప్పటికి ఏడాదిగా ఇలాగే నడుస్తోంది. తొమ్మిదో తరగతిలో నేను చదువుని వదిలేశానో, అదే నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు గానీ, ఈ టపా ఉద్యోగం మాత్రం నాకు పర్మినెంటయింది. ఒక్కోసారి మాటలకి నా సొంత మసాలా కూడా కలిపేదాన్ని. "కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగు," అని నానమ్మ అంటే, "మహారాజా, తమరి నాలుక ఏమని సెలవిస్తోంది?" అని అడిగేదాన్ని. నవ్వు ఆపుకోలేక తాతయ్యకి పొలమారేది. నానమ్మ మంచినీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, "ఇవ్వు," అనేది. అంతే.

మా ఫ్యాక్టరీ అంటే పెద్ద భవనం అనుకోకండి. ఇంటి వెనక రేకుల షెడ్డు, నేలలో ఉప్పునీళ్ల తొట్టి, ఆ తొట్టిలో వరసగా దించిన పొడుగాటి రేకు డబ్బాలు, వాటి నిండా మంచినీళ్లు. గడ్డకట్టాక డబ్బా పైకి లేపి మామూలు నీళ్లలో ముంచితే, దిమ్మ సర్రున జారి బయటికొస్తుంది. చేపల బజారుకీ, కూల్‌డ్రింకు కొట్లకీ, విందులకీ ఆ దిమ్మలే వెళ్తాయి. చావు జరిగిన ఇళ్లకి కూడా వెళ్తాయి. ఎవరింట్లోనైనా మనిషి పోయి, చూడాల్సినవాళ్లు దూరం నుంచి రావలసి ఉంటే తాతయ్యకి కబురొస్తుంది. ఆ ఐసుకి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పనివాళ్లని పంపడు. తనే వెళ్లి గోనెపట్టా పరిచి, రంపపుపొట్టు చల్లి, దిమ్మలు చుట్టూ పేర్చి వస్తాడు. "ముఖం చెడకూడదు. వచ్చేవాళ్లు చూసేది ముఖమే," అంటాడు.

దీనికి ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. చావింటికని ఐసు ఎక్కించిన బండి దారి మళ్లదు. చేపల బజారు పెద్దలొచ్చి కాళ్లావేళ్లా పడ్డా, విందులో ఐసు కరిగిపోయి పెద్దమనుషులు చెమటలు కక్కుతున్నా, ఆ బండి ఏ గుమ్మానికని బయల్దేరిందో అక్కడికే వెళ్తుంది.

ఆ బండి నడిపేది మా బాబాయి. నానమ్మకి కడగొట్టు కొడుకు. బడి మానేసినందుకు నన్ను "హెడ్మాస్టరమ్మా" అని పిలిచేవాడు. నా చేత ఫస్టు గేరు వేయించి, బండి గుర్రంలా ఎగిరితే, "ఇందులో కూడా ఫెయిలే," అని పగలబడి నవ్వేవాడు.

ఎన్నికలకి ముందు ఏడాది ఎండాకాలంలో కంప్రెసర్ మొరాయించింది. విడిభాగం ఒకటి కావాలంటే బాబాయి మోటారు సైకిలేసుకుని పొద్దున్నే దూరపు పట్నానికి బయల్దేరాడు. షెడ్డులో మిగిలిన దిమ్మలు ఒక్క బండికి సరిపడా ఉన్నాయి. మా వీధికి రెండు వీధుల అవతల టైలరు మాస్టారు పోయాడని కబురొస్తే, అవన్నీ బండికెక్కించాం. ఆయన కూతురు ఎక్కడో దూరదేశం నుంచి రావాలి. తాతయ్య బండెక్కబోతుంటే ఫోనొచ్చింది. హైవే మీద లారీ గుద్దింది. బాబాయి అక్కడికక్కడే పోయాడు. దగ్గర్లో ఉన్న చిన్న ఆస్పత్రి వరండాలో పడుకోబెట్టారట. అక్కడ శవాల్ని పెట్టే చల్లగది లేదట.

అమ్మోనియా మామయ్య ఏడుస్తూనే స్టీరింగు పట్టుకుని, "హైవే మీదకి తిప్పుతున్నాను పెద్దాయనా," అన్నాడు.

తాతయ్య దిమ్మల మీద గోనెపట్టా సర్దాడు.

"పోనీ సగం వాళ్లకి దించుదాం. సగం మనవాడికి తీసుకెళ్దాం."

"సగం ఐసు ఇద్దరికీ చాలదురా," అన్నాడు తాతయ్య. "టైలరు మాస్టారింటికి పోనీ."

మొత్తం అక్కడ పేర్చి, ఖాళీ బండితో హైవే ఎక్కాడు. దారిపొడవునా కనపడిన ప్రతి కొట్టు దగ్గరా దిగి ఐసు అడిగాడట. నడిఎండాకాలం. దొరికిన నాలుగు ముక్కలూ ఆస్పత్రి చేరేసరికి బండి గచ్చు మీద నీళ్లయ్యాయి. పోలీసుల కాగితాలు పూర్తయ్యేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. బాబాయిని పెట్టెలో పెట్టి, మూత బిగించి తీసుకొచ్చాడు.

నానమ్మ మూత తియ్యమంది. తాతయ్య రెండు చేతులూ మూత మీద పెట్టి, "వద్దు," అన్నాడు.

"నేను తల్లిని. ఎలా ఉన్నా చూస్తాను."

"వద్దే. నా మాట విను."

నానమ్మ ఆయన చేతుల వంకే చూసింది. "ఊళ్లో అందరి ముఖాలూ కాపాడారు. నా కొడుకు ముఖం ఒక్కటే మీకు బరువైందా?" అంది. ఆయనతో ఆమె నేరుగా మాట్లాడడం ఆ మాటతో ఆగిపోయింది. టైలరు ఇంటి సంగతి అమ్మోనియా మామయ్య అప్పటికే నోరుజారి చెప్పేశాడు.

ఇదీ పార్లమెంటు కథ వెనక కథ. హైవే పక్కనున్న ప్రతి ఆస్పత్రిలో చల్లగది ఉండి తీరాలని తాతయ్య పట్టు. అప్పటికి మా ఊరి తరఫున పార్లమెంటులో కూర్చున్నది సిమెంటు వ్యాపారి. ఆయన దగ్గరికి తాతయ్య తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు. సిమెంటాయన ప్రతిసారీ టీ ఇప్పించి, "చూద్దాం, చేద్దాం," అనేవాడు. టీ మాత్రం బావుండేదట.

"చల్లగదులొస్తే చావిళ్లకి మన ఐసు ఎవడడుగుతాడు పెద్దాయనా?" అన్నాడు అమ్మోనియా మామయ్య.

"అడక్కూడదనేరా."

నాతో మాత్రం అసలు మాట చెప్పాడు. నామినేషను వేసి బండిలో తిరిగొస్తున్నాం. నేను, "గెలిస్తే నన్ను రాజధాని తీసుకెళ్తావా?" అని అడిగాను.

"గెలుపు సంగతి తర్వాత. మీ నానమ్మ నాతో మాట్లాడాలంటే, నా దగ్గర ఆమెకి చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదే," అన్నాడు. "ఇదిగో, వాడి పేరు మీద ఈ పని చేశాను అని. ఉత్తి చేతులతో ఎలా వెళ్లను?"

 

ఏ పార్టీ లేనివాళ్లకి గుర్తులు చీటీలేసి పంచుతారు. తాతయ్య బకెట్టు వస్తుందని ఆశపడ్డాడు. గ్యాసు పొయ్యి వచ్చింది. ఐసు అమ్మేవాడికి పొయ్యి! అమ్మోనియా మామయ్య ఆ రోజంతా పనిచెయ్యలేకపోయాడు, కంప్రెసర్ పక్కన కూర్చుని కడుపు పట్టుకుని నవ్వడమే. నేను మైకు పట్టుకుని, "వేడి వేడి పొయ్యికే మీ ఓటు, చల్లచల్లని తాతయ్యకే మీ ఓటు," అని అరిచేదాన్ని. మా ప్రచార దళం మొత్తం ముగ్గురం. నాన్న షెడ్డు చూసుకునేవాడు. నానమ్మ మా ముగ్గురికీ క్యారేజీ సర్ది, "ఎండలో టోపీ పెట్టుకోమని చెప్పు," అని నాతో అనేది.

ప్రచారం మొదలెట్టిన పూటే మాకు తెలిసిపోయింది, మేమో పెద్ద పొరపాటు చేశామని. మొదటి ఇంటి తలుపు తట్టాం. తలుపు తీసిన ఆమె తాతయ్యని చూడగానే గోడకి ఆనుకుంది.

"ఎవరికి? ఎవరికేమైందండీ?"

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. ఓటు అడగడానికి..."

"మా అత్తగారా? పొద్దున కూడా ఆస్పత్రి నుంచి ఫోన్లో మాట్లాడిందే!"

"అత్తగారు కాదు పిన్నీ, ఎన్నికలు!" అని నేను అరిచాను. ఆమెకి ఊపిరొచ్చాక తిట్లు కూడా వచ్చాయి.

పక్కింటి ముసలాయన మా బండి ఆగడం కిటికీలోంచి చూసి, "నేనింకా ఉన్నాను! తర్వాత రావయ్యా!" అని లోపల గడియ పెట్టుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా తాతయ్య ఏ గుమ్మం తొక్కినా చావు జరిగిన రోజే తొక్కాడు. ఆయన మంచివాడని ఊళ్లో చెప్పని నోరు లేదు. ఆ మంచివాడు తమ గుమ్మంలో కనపడితే మాత్రం ఎవరు పోయారోనని హడలిపోతారు. ఈ సంగతి మాకెవరికీ ముందు తట్టలేదు. నేను మైకులో, "భయపడకండి, అందరూ క్షేమం, తాతయ్య ఓటు కోసమే వస్తున్నాడు," అని కలిపి అరవడం మొదలెట్టాను. దాంతో ఇంకా భయపడ్డారు.

తలుపు తీసిన చోట ఇంకో రకం కష్టం. తాతయ్యకి ప్రతి ఇంట్లో పోయిన మనిషీ గుర్తే. "మీ అమ్మగారి జుట్టు ఎంత ఒత్తుగా ఉండేదమ్మా, దిండు నిండా ఉంది," అనేవాడు. ఆ ఇంటావిడ కళ్లనిండా నీళ్లు. "ఇంకా ఎవరికీ గుర్తులేదు తాతగారూ, మీకు గుర్తుంది," అని కూర్చోబెట్టేది. ఆయన కూర్చుని, వాళ్లమ్మ గురించి వాళ్లు చెప్పేదంతా విని, లేచి నమస్కారం పెట్టి బయటికొచ్చేసేవాడు. నేను నెత్తి కొట్టుకునేదాన్ని.

"ఓటు అడిగావా?"

"ఏడుస్తున్న మనిషిని ఎలా అడుగుతానే?"

"ఏడిపించింది నువ్వే కదా!"

"అందుకే మరీ అడగలేను."

జుట్టు కత్తిరించే షాపు యజమాని ఒక్కడే ఉన్నదున్నట్టు చెప్పాడు. "మా అమ్మ పోయినప్పుడు మా అక్క వచ్చేదాకా మీరే కాపాడారు. మీకు ఋణపడి ఉన్నాను. కానీ మీ ప్రచారం కాగితం జేబులో పెట్టుకుంటే ఆ రోజు జేబులో పెట్టుకున్నట్టుంటుంది తాతగారూ. పోలింగు గదిలో ఆ రోజు మీద ముద్ర వెయ్యలేను. క్షమించండి." తాతయ్య అతని భుజం తట్టి, "తప్పేం లేదు బాబూ," అన్నాడు. 

ఊరంతా తిరిగాం గానీ ఒక్క వీధి వదిలేశాం. టైలరు మాస్టారి వీధి. అక్కడ కూడా ఓట్లున్నాయి కదా అంటే, తాతయ్య ఎండగా ఉందనేవాడు. మబ్బు పట్టినప్పుడు అడిగితే వానొచ్చేలా ఉందనేవాడు.

ప్రచారం ముగిసేముందు ఒక సాయంత్రం నానమ్మ క్యారేజీ గిన్నెలు తోముతూ, "మీ తాత ఆ వీధికెళ్లాడా?" అని అడిగింది. ఏ వీధని నేను అడగలేదు.

"లేదు."

చెయ్యి తుడుచుకుని, "పద," అంది.

టైలరు మాస్టారు పోయాక షాపు ఆయన భార్యే నడుపుతోంది. మెడలో టేపు, మిషను మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారం. నానమ్మని చూసి లేచింది.

"రండి వదినా, కూర్చోండి. పెద్దాయన ఊరంతా తిరుగుతున్నారట, మా గుమ్మానికే రాలేదు. నేనేం తప్పు చేశాను?"

నానమ్మ కూర్చుంది. "మీ అమ్మాయి ఆ రోజు అందుకుందా?"

"అందుకుంది వదినా. వచ్చేదాకా ఆయన ముఖంలో ఇంత కూడా తేడా రాలేదు. బుగ్గ మీద చెయ్యేసి, నాన్న నిద్రపోతున్నాడే అంది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడేడ్చింది." ఆమె కళ్లు తుడుచుకుంది. "పెద్దాయన ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. మామూలుగా కూర్చుని ధైర్యం చెప్పే మనిషి. ఐసు పేర్చి, బండెక్కి, ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోయారు. మర్నాడు తెలిసింది మీ అబ్బాయి సంగతి. పాపం ఏ వేళకి పోయాడు?"

"మీ ఇంటికి ఐసు బయల్దేరేసరికే కబురొచ్చింది."

టైలరమ్మ నానమ్మ ముఖం వంక చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను నేల చూపులు చూస్తున్నాను. "అంటే, ఆ ఐసు..." అని ఆగిపోయింది.

నానమ్మ లేచి నిలబడింది. "మీ అమ్మాయి చూసింది కదా. మంచిదే అయింది. ఓటు పొయ్యి గుర్తుకి వెయ్యమ్మా," అంది.

తిరిగొచ్చేటప్పుడు నాకు నోరు ఊరుకోలేదు. "ఇక తాతయ్యతో మాట్లాడతావా?"

"కోపం తగ్గుతుందేమోనని వెళ్లాను," అంది నానమ్మ. "ఆవిడ మీద రాలేదు. ఈయన మీద తగ్గలేదు."

"మరి ఓటెందుకు అడిగావు?"

"ఆయన అడగలేడు కనక."

మీ తాతతో చెప్పొద్దని గట్టిగా చెప్పింది. నేను చీకటి పడేదాకా దాచగలిగాను. విన్నాక తాతయ్య ఒక్కటే అడిగాడు, "నా కోసం ఓటు అడిగిందా?" అని. అవునన్నాను. తువ్వాలు తీసి ముఖమంతా తుడుచుకుని, "షెడ్డులో ఎంత ఉక్కగా ఉందో," అన్నాడు. ఐసు తొట్టి పక్కన నిలబడి.

ఫలితాలొచ్చాయి. సిమెంటాయనే మళ్లీ గెలిచాడు. ఆయన ఊరేగింపులో జెండాలు పట్టుకున్నవాళ్లని లెక్కబెడితే మా తాతయ్యకొచ్చిన ఓట్ల కంటే ఎక్కువే తేలుతారు. లెక్కింపు జరిగే చోటి నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చి, వరండాలో స్తంభానికి చేరబడ్డాడు తాతయ్య. ఏదో ఒకటి అని నవ్విద్దామని నాలుక దాకా తెచ్చుకున్నాను. ఆయన్ని చూశాక మింగేశాను.

"మీ నానమ్మతో చెప్పు," అన్నాడు. "ఏమీ చెయ్యలేకపోయానని చెప్పు."

నేను లోపలికి తిరిగేసరికి నానమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది.

"నానమ్మా, తాతయ్య..."

"విన్నాను," అని నన్ను దాటుకుని వచ్చి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "వాడు ఎలా ఉన్నాడు?"

తాతయ్య అలవాటుగా నా వంక చూశాడు.

"దాన్నెందుకు చూస్తారు? మిమ్మల్నే అడుగుతున్నాను. చూసింది మీరే కదా. వాడు ఎలా ఉన్నాడు?"

 తాతయ్య గొంతు ఎక్కడో తొట్టి అడుగునుంచి వచ్చినట్టుంది.

"ఒక చెప్పే ఉంది. ఎడమ కాలిది. రెండోది రోడ్డు మీదంతా వెతికాను. దొరకలేదు."

"తర్వాత?"

"ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. చేతులు బావున్నాయి. చేతులకేమీ కాలేదు. గోళ్లలో గ్రీజు ఉంది."

"కడిగారా?"

"కడిగాను. వేలు వేలూ నేనే కడిగాను."

"చొక్కా ఏది?"

"నీలం గళ్లది. పై బొత్తాం పెట్టుకోలేదు."

"ఎప్పుడు పెట్టుకున్నాడు గనక," అంది నానమ్మ. "తర్వాత?"

"మెడ దగ్గర..." అని తాతయ్య ఆగిపోయాడు.  

"చెప్పండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నానమ్మ మళ్లీ చెప్పమంది. ఆయన మళ్లీ తల ఊపాడు, ఈసారి చిన్నపిల్లాడిలా, గడ్డం గుండెలకి ఆనించుకుని. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఇక నా జన్మంతా ఈ టపా మొయ్యడమే అనుకున్నాను.

ఆమె లేవలేదు. గోడవైపు చూస్తూ, "చేతులు బావున్నాయన్నారు కదా," అంది.

"బావున్నాయి. వాడి చేతుల్లాగే ఉన్నాయి."

"చేతుల గురించి చెప్పండి."

తాతయ్య చెప్పడం మొదలుపెట్టాడు. బొటనవేలి పక్కన ఐసు కొక్కెం గీరిన పాత మచ్చ అలాగే ఉందన్నాడు. అరచేతులు ఆస్పత్రి పంపు కింద కడిగానన్నాడు. నానమ్మ అడుగుతూనే ఉంది. చేతుల దాకా వచ్చి ఆయన ఆగినప్పుడల్లా, మళ్లీ మొదటి నుంచి చెప్పమంటోంది.